లైన్‌మన్ ఇంట్లో కరెంటు సరిగ్గానే ఉంది

మా సెంటర్‌లో ఒక కథ తిరుగుతుంటుంది. పద్మ మేడం కట్టంగూర్ దాకా పోయి, వద్దన్నవాళ్లను కూడా మాటల్లో పెట్టి, ఒక లైన్‌మన్‌కు కంప్యూటర్ అమ్మి వచ్చిందట. ఓనరు సలీం భాయ్ అయితే కొత్తగా చేరినవాళ్లకు దీన్ని పాఠంలా చెప్తాడు. ఆ పద్మను నేనే. అది శుద్ధ అబద్ధం. నేను అమ్మడానికి పోలేదు, ఆపడానికి పోయాను. ఓడిపోయి వచ్చాను.

అది 1998. నల్గొండలో మాకు ముందు గదిలో కంప్యూటర్ల షాపు, వెనక గదిలో కంప్యూటర్ క్లాసు. రెండింటికీ నేనే దిక్కు. ఇంటికి కంప్యూటర్ కావాలని వచ్చేవాళ్లందరిదీ ఒకటే మాట: "మరీ చౌకది వద్దు, మరీ పిరంది వద్దు, నడుమ రకంది చూపెట్టుండ్రి." ఇంట్లో దానితో ఏం చేస్తారని అడిగితే ఎవరి దగ్గరా జవాబు ఉండేది కాదు. నిజం చెప్పాలంటే నా దగ్గరా లేదు. టీవీ కొనేవాళ్లకు ఈ తిప్పలు లేవు.

లైన్‌మన్ మల్లేశానికి మాత్రం జవాబు తెలుసు. ఆయన కూతురు అరుణ ఇంటర్ అయిపోయి, మా క్లాసు కోసమే రోజూ కట్టంగూర్ నుంచి వచ్చేది. ఒకరోజు తిరుగు బస్సులో జాగా లేక ఫుట్‌బోర్డు మీద నిలబడి జారిపడింది. మోకాలికి కుట్లు పడ్డాయి.

"పెట్టె ఇంటికే తెస్త మేడం. పిల్ల ఇంట్లనే కూసొని నేర్చుకుంటది. ఇగ బస్సు బంద్," అన్నాడాయన, కూతురిని వెంటబెట్టుకొని షాపుకొచ్చి.

సలీం భాయ్ ఆయనకు చాయ్ తెప్పించే సందడిలో ఉండగా అరుణ నా వెంట క్లాసు గదిలోకి వచ్చింది.

"మేడం, మా ఇంటికాడ ఆ పెట్టె నడవదని బాపుకు చెప్పుండ్రి."

"ఎందుకే?"

"ఇంట్ల కూసుంటే ఇంట్లనే ఉంట మేడం. గీడికొస్తెనే నేను ఎటన్న పోతున్నట్టు ఉంటది."

నాకు అంతే చాలు. కారణం వెతుక్కోనక్కర కూడా లేదు. సాయంత్రమైతే ఆ పల్లెల్లో బల్బులు నిప్పుకణికల్లా ఎర్రబడతాయి. పొలాలకు పూర్తి కరెంటు లేని వేళల్లో కూడా కొందరు కండెన్సర్లనే చిన్న డబ్బాలు తగిలించి దొంగతనంగా మోటార్లు నడుపుతారు, ఇళ్లలో వోల్టేజీ పడిపోతుంది. అంత తక్కువ వోల్టేజీలో కంప్యూటర్ దానంతట అదే ఆగిపోయి మళ్లీ మొదలవుతుంటుంది. ముందు మీ ఇంట్లో కరెంటు చూస్తాను, బాగా లేకుంటే కొనొద్దు అని మల్లేశానికి చెప్పాను. "రాండ్రి మేడం, చూడుండ్రి," అని నవ్వాడు. ఆ నవ్వేమిటో నాకు అర్థం కాలేదు.

ఆదివారం సాయంత్రం మల్టీమీటర్ పట్టుకొని పోయాను. ప్లగ్గులో ఎంత వోల్టేజీ వస్తోందో చూపించే చేతి మీటరు అది. ఆ వాడంతా బల్బులు ఎర్రగా కునుకుతున్నాయి. మల్లేశం ఇంట్లో ప్లగ్గుకు మీటర్ పెడితే రెండువందల ఇరవై వోల్టులు చూపించింది, సరిగ్గా ఉండాల్సినంత. ఇంకో ప్లగ్గులో పెట్టాను. అంతే.

"మీటర్ ఖరాబైనట్టుంది," అన్నాను.

అరుణ తల్లి లచ్చమ్మ నవ్వాపుకోలేకపోయింది. "లైన్‌మన్ ఇంటికి కరెంటు తక్కువొస్తదా మేడం? ఏ తీగ మీద మోటార్లు తక్కువున్నయో చూసి మా ఇల్లు దాని మీదికి మార్చిండు. అన్నం ఉడికిందా లేదా అని నేను చూసినట్టు, ఈయన దినాం వోల్టేజి చూస్తడు."

నా చేతిలో ఉన్న ఒక్క సాకూ పోయింది. అయినా నా నోరు ఊరుకునే రకం కాదు.

"కరెంటు మంచిగనే ఉంది. అయినా కొనకుండ్రి. పది మందిల కూసుంటేనే పిల్ల నేర్చుకుంటది. ఒక్కతే అయితే నాలుగు దినాలకు దాని మీద బట్ట కప్పుతది."

"కొనొద్దనే దుకాణం మేడంను నేను యాడ సూడలే," అన్నాడు మల్లేశం. తర్వాత గొంతు తగ్గించాడు. "స్తంభాలెక్కేటోన్ని నేను. జారుడంటె ఏందో నాకెరుక. మీ బిడ్డయితే రేపు ఆ బస్సు ఎక్కిస్తరా?"

మాటకు మాట బాకీ ఉంచే మనిషిని కాను. ఈసారి మాత్రం అరుణ వైపు చూశాను. కుట్లు పడిన కాలు చాపుకొని కూర్చుంది.

"అయితే పిల్లనే అడుగుండ్రి," అన్నాను. ఇక్కడ గెలుస్తాననే నా ధీమా.

మల్లేశం కూతురి వైపు తిరిగాడు. "చెప్పు బిడ్డా. నీ ఇష్టం. వద్దంటే వద్దు, రేపటి సంది నేనే వచ్చి బస్సు ఎక్కిస్త." ఆయన గొంతులో బెదిరింపు లేదు, వెటకారం లేదు. అరుణ నన్ను చూసింది. తండ్రిని ఇంకొంచెం ఎక్కువసేపు చూసింది.

"కొందాం బాపు," అంది.

ఇక నాకు మిగిలింది మంచిది ఎంచి ఇవ్వడమే. సలీం భాయ్ అంటగట్టబోయిన స్పీకర్లు, సీడీ డ్రైవు తీసేయించాను. వాటికి బదులు ర్యామ్ ఎక్కువ వేయించాను. ర్యామ్ అంటే వంటింటి గట్టు లాంటిది, అది పెద్దదైతే ఒకేసారి నాలుగు గిన్నెలు ముందేసుకోవచ్చు. కరెంటు పోయినా చేసిన పని దాచుకునేంతసేపు నిలబెట్టే యూపీఎస్ ఒకటి పెట్టించాను. నడుమ రకంలో అంతకంటే మంచిది ఆనాడు దొరికేది కాదు. ఈ ఒక్క విషయంలో నాతో ఎవరొచ్చినా వాదనకు సిద్ధం.

తర్వాత అరుణ ఒక్కసారే వచ్చింది, ఫ్లాపీలు కొనుక్కోవడానికి. "మంచిగ నడుస్తుంది మేడం. బస్సుల తొక్కులాట తప్పింది," అని నవ్వింది. అబద్ధం చెప్పే నవ్వు కాదది. కానీ పోతూ పోతూ వెనక గది గడప దగ్గర ఆగి, లోపల టకటకలాడుతున్న పిల్లలను చాలాసేపు చూసింది. లోపలికి రావే అంటే, "బాపు బయట బండి మీద ఉన్నడు మేడం," అని వెళ్లిపోయింది.

ఇప్పుడు ఇంటికి కంప్యూటర్ కావాలని ఎవరొచ్చినా, దాని ముందు కూర్చునే మనిషిని వెంటబెట్టుకొని రమ్మంటాను. సలీం భాయ్‌కు ఇది నచ్చదు. ఈ అనుభవం నేర్పింది ఇదే అని చెప్పుకుంటాను గానీ, నాకే అనుమానం. ఆ రోజు ఆ మనిషినే కదా అడిగించాను. భయపడి చెప్పిన జవాబు ఎట్లుంటుందో నాకు తెలుసు, అది అట్లా లేదు. ఇష్టపడి చెప్పినట్టూ లేదు. సలీం భాయ్ ఏ కథ చెప్పుకున్నా చెప్పుకోనీ. నాకు కావలసిన జవాబు ఆ పిల్ల దగ్గర ఉంది. అరుణా, ఆ 'కొందాం' నీ కోసం అన్నావా, మీ బాపు కోసం అన్నావా?