కోస్గి అంతటికీ ఒక్కడే మల్లయ్య

మొన్న జడ్చర్లలో పశువుల మందుల దుకాణం ముందు బస్సు కోసం నిలబడితే, లోపల సీసా పగిలినట్టుంది, నట్టల మందు వాసన గుప్పుమంది. గొర్రెల కడుపులో పురుగులు చావడానికి తాగించే తెల్లటి మందు అది. సుద్దా కిరసనాయిలూ కలిపినట్టుంటుంది వాసన. దానితో పాటే, అక్కా అన్నట్టు అందరూ ఆపా అని పిలిచే షరీఫా ఆపా గుర్తుకొచ్చింది. ఆమె సంగతి చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పాలి. పాలమూరు, నల్లగొండ జిల్లాల వ్యాపారాల్లోకి మొట్టమొదట కంప్యూటరును తెచ్చినవాణ్ణి నేనే.

ఆపా పశువుల మందుల టోకు వ్యాపారి. భర్త పోయాక జడ్చర్ల దుకాణంలో ఆయన కుర్చీలో కూర్చుంది. ఊరికే కూర్చోలేదు, నకిరేకల్‌లో ఒకటి, కోస్గిలో ఒకటి కొత్త దుకాణాలు తెరిచింది. తొంభైల్లో నేను ఆమె దగ్గర లెక్కలు రాసేవాణ్ణి. పనిలో పెట్టుకున్నప్పుడు నా చదువు అడగలేదు.

"గొర్రెకు మేకకు ఫరక్ తెలుస్తదా?"

"తెలుస్తది ఆపా."

"బస్. మిగిలింది నేను నేర్పిస్త."

నేర్పింది కూడా. బిల్లు మీద నేను ఉత్తి పేరు రాస్తే ఒప్పుకునేది కాదు. "ఎవల కొడుకు? ఏ ఊరు? మందకు గుర్తేంది?" ఈ మూడూ అడిగితే గాని మనిషిని రాయనిచ్చేది కాదు. గొర్రెల కాపరులు ఒకరి గొర్రె ఒకరి మందలో కలిసిపోకుండా వీపు మీద రంగు పూస్తారు కదా, ఆ గుర్తు. నాకు విసుగొచ్చేది. గొర్రె రంగుతో మన బిల్లుకేం పనని లోపల గొణుక్కునేవాణ్ణి.

కంప్యూటరు వచ్చాక నాకు ఆగాలనిపించలేదు. మూడు దుకాణాల అమ్మకాలూ ఒకేచోట పోసి, మీట నొక్కగానే మొత్తం వ్యాపారం తెర మీద కనబడాలి. అదీ నా ఉబలాటం. ఆపా అడ్డుపడింది.

"జర ఆగు యాదగిరి. ముందుగాల కొనేటోళ్లకు తలా ఒక నంబరు పెడ్దాం. మూడు దుకాన్లల్ల గదే నంబరు నడవాలె. బతుకమ్మ పండుగ దాక టైం ఇయ్యి."

"అందాక మిషిన్ మీద బట్ట కప్పి దండం పెట్టాల్నా ఆపా?"

"ఎక్కిరియ్యకు. గొర్లోళ్లు గుర్తు పెట్టినంకనే మంద కలుపుతరు. కలిపినంక పెడ్తె, ఎవల గొర్రె ఎవల దొడ్లకు పోయిందో అల్లాకే ఎరుక."

ఇప్పుడు ఆ గుర్తును మాస్టర్ డేటా అంటారట, ఆ దొడ్డిని డేటా వేర్‌హౌస్ అంటారట. అప్పుడు నాకు దొడ్డి మీదే మోజు. మూడు దుకాణాలు నడపడం ఆపాకు బరువైంది, వానాకాలం సరుకు వచ్చేలోగా ఒకటి మూయాలి. ఏది మూయాలో నా మిషన్ చెబుతుందని, నంబర్లు లేకుండానే అమ్మకాలన్నీ పేర్లతో కలిపేశాను.

అచ్చయిన కాగితం చూస్తే నకిరేకల్ నిండా కొనేవాళ్ల పేర్లే. కోస్గిలో మాత్రం దాదాపు మందు మొత్తం మల్లయ్య అనే ఒక్కడే కొంటున్నాడు. ఒక్కడి మీద నిలబడ్డ దుకాణం ఎప్పటికైనా కూలుతుందని ఆపాకు వివరించాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని, ఆ కాగితాన్ని పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చదివింది. "సరే, కోస్గి మూద్దాం" అంది. అక్కడి దుకాణం చూసుకునే బాల్‌రాజు పని అలా పోయింది.

మిగిలిన సరుకు దించడానికి జడ్చర్ల వచ్చిన బాల్‌రాజు నా వెనక నిలబడి తెర వైపు చూశాడు.

"గీ మల్లయ్య ఎవడే అన్నా?"

"నీ కోస్గి మల్లయ్యే. పెద్ద ఆసామి."

"ఆసామా? మా దిక్కు గొర్లోళ్లల్ల ఇంటికో మల్లయ్య ఉంటడు. అందర్ని పిసికి ఒక్క ముద్ద చేసినవా?"

నకిరేకల్ సంగతి తిరగబడి ఉంది. ఒకే దుకాణదారు ఒకసారి తన పేరున, ఒకసారి దుకాణం పేరున, ఒకసారి కొడుకు పేరున కొన్నాడు. నా మిషన్ అతణ్ణి ముగ్గురిని చేసింది. అలాంటివాళ్లు అక్కడ చాలామంది.

ఆపా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. బిల్లులు ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం. తండ్రి, ఊరు, గుర్తు అడిగి తెలుసుకుంటూ తలా ఒక నంబరు పెట్టాం. మళ్లీ కలిపితే కొనేవాళ్ల లెక్కలో కోస్గిదే పైచేయి.

"నంబర్లు పెట్టి ఊకుంటె గిది తెల్వకపోవు," అంది ఆపా. "నువ్వు కలిపితెనే తెలిసింది. నీ పని లేకుంటె నా పని కుంటిదే యాదగిరి."

అప్పటికే కోస్గి గదిలో సిమెంటు దుకాణం వెలిసింది. బాల్‌రాజు పెళ్లాన్ని వెంటబెట్టుకుని బొంబాయి కూలికి వెళ్లిపోయాడు. ఆ వానాకాలం కోస్గి మల్లయ్యలు మందు డబ్బాలు ఒళ్లో పెట్టుకుని బస్సుల్లో తిరిగారు. దుకాణం మళ్లీ తెరుచుకోలేదు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. కంప్యూటరును తెచ్చింది నేను కాదు. కొన్నది ఆపా, మోసుకొచ్చింది అమ్మిన హైదరాబాదు కంపెనీ పిల్లలు. డబ్బాను మెట్లెక్కించేటప్పుడు ఒక చెయ్యి వేశాను, అదీ వెనక నుంచి. ఇక మొట్టమొదటిదన్న మాట వదిలేయండి, ఊరవతల ఫ్యాక్టరీలో అప్పటికే ఉన్నాయి.

ఆపా పోయి చాలా కాలమైంది. బతికుండగా ఆమెతో, తప్పు నాదేనని ఒక్కసారైనా నోరు తెరిచి అనలేదు. ఇప్పటికీ ఎవరైనా పేరు చెబితే ఎవరి కొడుకు, ఏ ఊరు అని అడగకుండా ఉండలేను. పెళ్లిళ్లలో నన్ను చూసి నవ్వుతారు, నవ్వనీ.

ఇంతవరకు రాసి, కోస్గికి తిరిగొచ్చి ఉంటున్న బాల్‌రాజుకు ఫోనులో చదివి వినిపించాను.

"అంత మంచిగనే ఉంది గని అన్నా, ఆపా కాయితం సదివిందని ఎందుకు రాసినవ్? ఆమె సదువలే. ఆమె దుకాన్ తాళాలు తీస్కునేటందుకు కోస్గి వచ్చిననాడు నేనే అడిగిన, ఆపా, ఆ కాయితం మీరు సూసిండ్రా అని. 'యాదగిరి చూసిండు గద బేటా' అన్నది."