నజియా ఊడ్చిన ఇప్పచెట్టు

మహదేవపూర్‌లో నజియాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. ఆధార్ ఫొటోలు, పెళ్లి ఆల్బమ్‌లు, బడిపిల్లల గ్రూపు ఫొటోలు... పదహారేళ్లుగా అదే పని. నిరుడు మార్చిలో పట్నం నుంచి వచ్చిన ఇద్దరు పెద్ద కెమెరాలవాళ్లు మెమరీ కార్డు కోసం ఆమె షాపుకొచ్చారు. రెండు రోజులు అభయారణ్యమంతా తిరిగినా ఒక్క దుప్పి కనబడలేదట. "ఈ అడవిలో ఇంక మేకలే మిగిలాయమ్మా" అని నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

ఆ నవ్వు నజియాకు ముల్లులా దిగింది. ఆమె పుట్టిల్లు అడవి అంచునే; దుప్పుల అరుపు వింటూ పెరిగిన మనిషి.

"ఉన్నయో లేవో నేను ఫొటో తీసి చూపిస్త" అంది భర్త జీషాన్‌తో.

"రంజాన్ నెల. ఉపాసముండి అడవిల తిరుగుతవా?"

"తిరుగుత."

అధికారుల అనుమతి తీసుకుని, అటవీశాఖ వాచర్ కిష్టయ్య వెంట రోజూ తెల్లవారేసరికి అడవిలో ఉండేది. వాసనకు, చప్పుడుకు దుప్పులు బెదురుతాయని అత్తరు మానేసింది, గాజులు తీసేసింది. నాలుగు రోజులు తిరిగితే దొరికినవి గిట్టల గుర్తులే. పైగా ఆమెది పెళ్లిళ్లకు కొన్న లెన్సు. దుప్పి ముప్పై అడుగుల్లోకి వస్తేగానీ బొమ్మ తేటగా పడదు.

"చెల్లే, గిప్పుడు దుప్పులు ఇప్పపూల కోసమే తిరుగుతయ్" అన్నాడు కిష్టయ్య. "మనోళ్లేమో పూలు ఏరనీకి చెట్ల కింద ఆకులు కాలవెడ్తున్నరు. పొగ వాసనొస్తే అవి గా దిక్కే రావు."

ఆ సాయంత్రమే నజియా వాగొడ్డుకు వెళ్లింది. అక్కడి పెద్ద ఇప్పచెట్టు పూలు ఎప్పుడూ కట్టమ్మ ఏరుకుంటుంది. డెబ్బై ఏళ్ల ఆ ముసలామె అప్పుడే అగ్గిపెట్టె తీస్తోంది.

"అవ్వా, జర ఆగు. గీ ఒక్క చెట్టు కింద అగ్గి పెట్టకు. పొగకు దుప్పులు వస్తలేవు, వాటి ఫొటో తియ్యాలె."

"ఆకులల్ల పూలు ఎట్ల కనవడ్తయ్ బిడ్డా? నా కండ్లే సరిగ లేవు."

"నేను ఊడుస్త. రోజూ పొద్దుగూకే యాళ్లకు వచ్చి ఊడుస్త. పొద్దెక్కినంక నువ్వొచ్చి ఏరుకో."

"పొద్దెక్కేదాంక దుప్పులు మేస్తే నాకేం మిగుల్తయ్?"

"పక్క చెట్ల పూలు నీతోని కలిసి నేను గూడ ఏరుత."

కట్టమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "రెండు రోజులు ఊడ్చి పరారైతవ్, చూస్త" అని అగ్గిపెట్టె కొంగున ముడేసుకుంది.

నజియా పరారు కాలేదు. రోజూ దాహంతో నాలుక పిడచగట్టుకుపోతుంటే ఈతచీపురుతో ఆ చెట్టు కింద ఊడ్చేది. మూడో రోజుకు అరచేతులు పొక్కులెక్కాయి, గుడ్డ చుట్టుకుంది. పొద్దు వాలాక అక్కడే ఖర్జూరం నోట్లో వేసుకుని ఉపవాసం విడిచేది. ఆరో రోజు అవతలి గట్టున ఎవరో నిప్పు పెట్టారు. మరుసటి ఉదయమంతా పొగే. కిష్టయ్య ఇక చాలన్నాడు. ఆమె సాయంత్రం మళ్లీ చీపురు అందుకుంది.

తొమ్మిదో ఉదయం పుట్ట చాటున బోర్లా పడుకుని చూస్తుండగా వాగు అవతల ఆకులు కదిలాయి. మొదట ఒక ఆడదుప్పి వచ్చింది. ఆగి, చెవులు తిప్పి, గాలి వాసన పట్టింది. దాని వెనకే పిల్ల. ఆ తర్వాత మఖమలు తొడిగినట్టున్న లేతకొమ్ముల మగదుప్పి. శుభ్రంగా ఉన్న నేల మీద తెల్లగా పరుచుకున్న పూలను అవి తీరిగ్గా తినసాగాయి. నజియా కెమెరా మీట నొక్కింది. తల్లిదుప్పి తలెత్తి నేరుగా ఆమె వైపు చూసింది. ఊపిరి బిగబట్టింది నజియా. దుప్పి మళ్లీ తల వంచింది.

పదకొండు ఫొటోలు తీస్తే, దుప్పులు కదులుతుండటంతో తొమ్మిది చెదిరాయి. రెండు మాత్రం అద్దంలా వచ్చాయి.

పొద్దెక్కాక కట్టమ్మ గంపతో వచ్చింది. "సగం పూలు బుక్కినయ్ గదనే!" అని నెత్తి కొట్టుకుంది. నజియా కెమెరా చూపించింది. ముసలామె కళ్లు చికిలించి చాలాసేపు చూసి, "ఆ పిల్లను జర పెద్దగ చేసి చూపియ్" అంది. ఆ పూట ఇద్దరూ పక్క చెట్ల కింద గంప నిండేదాకా ఏరారు.

ఆ ఫొటో ఇప్పుడు స్టూడియోలో నిలువెత్తున ఉంది. ఈ ఏడు ఇప్ప పూతకొచ్చాక నజియా చీపురుతో వాగొడ్డుకు వెళ్లేసరికి చెట్టు కింద అప్పటికే ఊడ్చి ఉంది. కట్టమ్మ నడుం మీద చెయ్యేసుకుని, అగ్గిపెట్టెతో వచ్చిన ఇద్దరు ఆడవాళ్లను గట్టిగా తిడుతోంది.