నా గుడ్డ పుస్తకం

నేను చదివింది మా ఊరి బడిలో ఐదో తరగతి. అయితేనేం, ముప్పై నాలుగేళ్ల దర్జీ పనిలో నా చేతి మీదుగా వెళ్లిన బట్ట ఒక్కటీ తిరిగి రాలేదు. జడ్జిగారి కోటు కుట్టిందీ నేనే. వాటన్నిటికంటే నేను గొప్పగా చెప్పుకునేది నా గుడ్డ పుస్తకం.

నేను పనిచేసే కొట్టుకు వచ్చేవాళ్లలో సగంమంది ఇంగ్లీషులోనే మాట్లాడేవారు. కౌంటరు వెనక కట్టిన తెర చాటున మిషను తొక్కుతూ వినేవాణ్ణి. ఒక్క ‘టేక్’నే ఎన్ని రకాలుగా వాడతారో! ‘టేక్ ఇన్’ అంటే నడుం బిగించాలి. ‘టేక్ అప్’ అంటే పొడవు తగ్గించాలి. ‘టేక్ ఆఫ్’ అంటే జేబు ఊడదీయాలి. ‘లెట్ ఔట్’ అన్నారా, వదులు చేయాలి. విన్న ప్రతి మాటకూ జానెడు గుడ్డముక్క మీద ఆ పని కుట్టి, కింద దారంతో ఆ మాట తెలుగులో రాశాను. మొత్తం అరవై రెండు ముక్కలు. నాది ఎడమచేతి వాటం. కుట్టు వాలు చూస్తే ఎవరిదో తెలిసిపోతుంది.

నా భార్య తమ్ముణ్ణి అక్కడ పనిలో పెట్టించాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆ పుస్తకంతోనే నేర్పాను.

“ఒక్క మాటకి ఇన్ని అర్థాలేంటి బావా?”

“మీ అక్క ముందు పిల్లివి, నా ముందు పులివి. పక్కనెవరున్నారో చూసి మారతావు. మాటా అంతేరా!”

కస్టమర్లతో ఇంగ్లీషులో మాట్లాడే కౌంటరు గుమాస్తా మానేశాడు. ఒక్కసారైనా ఆ చోట, తెర ముందు కూర్చోవాలని నా కోరిక. బావమరిదికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఓనరు వాణ్ణి పిలిచి అడిగినప్పుడు తెర ఇవతల కాజా కుడుతున్నాను.

“మీ బావకి ఇంగ్లీషు వచ్చా?”

“అబ్బే, ఎక్కడండీ! ఐదో తరగతి మనిషి. నేను చెబితే కుడతాడు.”

“మరి ఈ పుస్తకం?”

“నేనే చేసుకున్నానండి.”

సూది వేల్లో దిగింది. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే వినడమే గానీ, ఆ సెగ తగిలింది అప్పుడే.

“నా తమ్ముడే కదా, పోనిద్దురూ” అంది ఆ రాత్రి నా భార్య. పోనివ్వలేదు. మర్నాడు ఓనరు ఎదుటే పుస్తకం తెరిచి, వాడి చేతికి సూది ఇచ్చాను.

“ఇవన్నీ ఎడమచేతి కుట్లు. ఏదీ, ఇలాంటిది ఒక్కటి వెయ్యి.”

వాడు సూది తిరిగి నా చేతిలోనే పెట్టాడు.

“ఎవరు కుడితే ఏంటయ్యా? కౌంటర్లో కుర్రాడుంటేనే కళ” అన్నాడు ఓనరు.

పుస్తకం సంచిలో వేసుకున్నాను.

“బావా, ఒక్క నెల ఉంచవూ!”

“ఐదో తరగతి వాడి పుస్తకం నీకెందుకురా?”

ఆ పూట కౌంటర్లో మొదటి కస్టమరు ఇంగ్లీషు ముందే వాడి నోరు తడబడింది. “బావా!” అని పిలిచాడు. నేను మిషను ఆపలేదు, తెర తీయలేదు.