బావకు పూనిన పాట

మొన్న నందిగామలో క్షవరానికి వెళితే, పక్క కుర్చీలో కుర్రాడొకడు రెండు పక్కలా నున్నగా గొరిగించుకుని, నడినెత్తిన మాత్రం కోడిపుంజు జుట్టులా నిలబెట్టించుకుని, అద్దంలో చూసి మురిసిపోయి చక్కా పోయాడు. అక్కడెవరూ తలెత్తి కూడా చూడలేదు. నేను మాత్రం వాడు వీధి మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను. మా ఊళ్ళో ఆ జుట్టు మొదట పెట్టినవాడు మా మేనత్త కొడుకు.

తొంభైల చివర్లో మాట. హైదరాబాదులో డిప్లొమా చదువుతున్న బావ, స్నేహితుడెవరి దగ్గరో పంక్ రాక్ క్యాసెట్లు పట్టుకొచ్చాడు. మొదట విన్నప్పుడు టేపు నలిగిందేమో అనుకున్నాను, నిజం! ఆ పాటలకు గొంతు అక్కర్లేదని, కడుపుమంట ఉంటే చాలని, చిరిగిన చొక్కా, దానికి పిన్నీసులు, మెడలో ఇనప గొలుసు, ఇవన్నీ పెద్దమనుషుల మీద తిరుగుబాటని బావ చెబుతుంటే, చిరిగిన చొక్కాయే తిరుగుబాటైతే మన సగం ఊరు ఎప్పుడో తిరగబడిందిలే అని ఏడిపించేవాణ్ణి.

ఆ ఏడు పత్తిని పచ్చపురుగు తినేసింది. ఏ మందు కొట్టినా చావలేదు. ఇంకో మందేదో తెస్తానని ఒక పొద్దున జగ్గయ్యపేట బస్సెక్కిన మామయ్య మరి తిరిగి రాలేదు. హైవే మీద గరికపాడు దాబాల దగ్గర ఆగిన లారీ డ్రైవర్లందరికీ ఫోటో చూపిస్తూ నేనూ బావా పిచ్చివాళ్ళలా తిరిగాం. అత్త వీధి గుమ్మం వదల్లేదు. బావ చదువు మానేసి వచ్చి, నాన్న రాడు, ఇక రాడు అంటూ ఒకే ఒక్క పాట కట్టుకున్నాడు. అది ఊరి మొహాన అరిస్తే తప్ప ఊపిరాడదన్నాడు.

తిరనాళ్ళలో డాన్సుల వాళ్ళు రావడం ఆలస్యమైతే, కమిటీ వాళ్ళను బతిమాలి, పొద్దు వాలే వేళకు ప్రభ ముందు స్టేజి ఎక్కాం. బావ చొక్కా నిండా అత్త గాజులకుండే పిన్నీసులు, జుట్టుకు గంజి, మెడలో హైదరాబాదు నుంచి తెచ్చుకున్న పాత గిటారు, నాకు బ్యాండుమేళం వాళ్ళ డ్రమ్ము. మైకు ఒకటే కీచుమనడంతో పాటలో ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు. ఎర్రబడిన కళ్ళతో, తల విదిలిస్తూ, ఎగిరెగిరి అరుస్తున్న బావను చూసి ఆడవాళ్ళు గభాలున లేచి దణ్ణాలు పెట్టారు. అమ్మవారు పూనిందన్నారు. బిందెలతో పసుపునీళ్ళు, వేపమండలు వచ్చేశాయి. నేను బెదిరి చేతులాపితే ఒక ముసలావిడ, "ఆపకురా సచ్చినోడా, అమ్మ ఎల్లిపోద్ది, కొట్టు!" అని కసిరింది. కొడుతూనే ఉన్నాను.

అప్పుడు గుంపును తోసుకుంటూ వచ్చింది మా అత్త. కన్నకొడుకు కాళ్ళ మీద పడింది. "తల్లీ, ఆయన వస్తాడా? ఒక్క మాట చెప్పు తల్లీ, నీ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటా!" అని భోరుమంది. బావ ఆగిపోయాడు. గంజి కరిగి జుట్టు కళ్ళ మీద పడింది. వంగి, ఆవిడ తల మీద చెయ్యి పెట్టి, వస్తాడు అన్నాడు. అంతసేపూ కీచుమన్న మైకులో ఆ ఒక్క మాటా అందరికీ వినబడింది.

మామయ్య రాలేదు. ఏళ్ళు గడిచాక పెద్దవాళ్ళు కర్మ చేయించమంటే, అమ్మవారు అబద్ధమాడుతుందా అని అత్త అందరి నోళ్ళూ మూయించింది. అది తన మాటేనని చెబితే ఆవిడ ఏమైపోతుందోనని బావ నోరు కుట్టేసుకున్నాడు. గిటారు అటకెక్కించి, సిమెంటు ఫ్యాక్టరీలో చేరి, ఊరు కదల్లేదు. అత్త పోయినేడాది కుంకుమబొట్టుతోనే కన్నుమూసింది. కొరివి పెట్టి వచ్చిన బావ, పాట ఇంకా సగం లోపలే ఉండిపోయిందిరా అన్నాడు. నాకు ఏడుపాగలేదు.

ఇప్పుడు పిల్లలు ఎంత అరిచినా అది పాటేనని అందరికీ తెలుసు. సెల్లులో వీడియో తీసుకుని, బాగుందని పోతారు. లోకజ్ఞానం పెరిగింది, మంచిదే. మా వాళ్ళకు ఏమీ తెలియదు. తెలియకే, ఒక కుర్రాడు అరిస్తే బిందెలెత్తుకుని ఊరంతా పరుగెత్తుకొచ్చింది.