దారం కొరికిన పళ్ళు

కత్తెర కనిపెట్టినవాడు ముందుగా ఈ అమ్మమ్మ పళ్ళను చూసి ఉంటే, ఎందుకొచ్చిన శ్రమ అని ఇంటికెళ్ళి పడుకునేవాడు. కోటు దారమైనా, సంచి పురికొస అయినా ఆ పళ్ళ మధ్యకు వెళ్ళిందంటే రెండు ముక్కలై బయటికి రావలసిందే. ఇనుప తీగ కూడా కొరికేదని చెప్పొచ్చు గానీ, ఆవిడే ఒప్పుకోదు కాబట్టి వదిలేద్దాం.

అమ్మమ్మది కుట్టుపని. కొత్త బట్టలు కుట్టదు. పొడవైన ప్యాంట్లు పొట్టి చేస్తుంది, చెడిన జిప్పులు మారుస్తుంది, లావైనవాళ్ళ కోట్లు వదులు చేసి, వాళ్ళు చిక్కాక మళ్ళీ బిగిస్తుంది. ముందు గదిలో కిటికీ కింద మిషను, దాని పక్కన తళతళా మెరిసే కత్తెర. మెరవక ఏం చేస్తుంది, దానికి పనంటూ ఉంటే కదా! కత్తెర వెతికేలోపు ఇంకో గుండీ కుట్టెయ్యొచ్చని అమ్మమ్మ సిద్ధాంతం. అలా కొరికి కొరికి ముందు పళ్ళకు గాట్లు పడ్డాయి, పక్కవి బీటలు వారాయి. వెనకాల పళ్ళు లోపల్లోపలే పుచ్చి చీము పట్టాయి.

తర్వాత కిడ్నీలు మొరాయించాయి. దానికీ దారానికీ సంబంధం లేదు, బీపీ బిళ్ళలు మింగనందుకు పడ్డ శిక్ష అది. డయాలసిస్ కోసం ఎడమ చేతిలో రెండు నరాలు కలిపి కుట్టిన చోటు చెవి దగ్గర పెట్టుకుంటే మిషను తొక్కినట్టే గుర్రుమంటుంది. "చూడవే, పడుకున్నా నాకు డ్యూటీయే" అని మనవరాలికి వినిపించేది.

కిడ్నీ ఇస్తానని కూతురు ముందుకొచ్చింది. స్కూలు వ్యాను నడిపే మనిషి, రాయిలాంటి ఒళ్ళు. పరీక్షలన్నీ సరిపోయాయి. ఇల్లంతా సంబరపడుతుంటే అమ్మమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. కూతురు బడికి వెళ్ళే వయసులో, పని కుప్పలుగా పేరుకుపోయిన రోజుల్లో, "ఈ ఒక్క నెలా ఆగి వెళ్దువుగానిలే" అని ఆ పిల్లను గుండీలు కుట్టడానికి కూర్చోబెట్టింది. ఆ నెల ఇంకా పూర్తి కాలేదు. చదువు లాక్కున్నది చాలక ఇప్పుడు కిడ్నీ కూడానా అని ఆవిడ బాధ.

ఇంతలో పళ్ళ దగ్గర బండి ఆగింది.

"కొత్త కిడ్నీని ఒళ్ళు తరిమెయ్యకుండా మందులిస్తాం. వాటితో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. అప్పుడు పంట్లో చీము ఉంటే ప్రాణం మీదికొస్తుంది. ముందు ఆ పళ్ళ సంగతి చూసుకోండి, తర్వాతే ఆపరేషన్" అన్నాడు డాక్టరు.

అంత డబ్బు చేతిలో లేదు గానీ, కూతురి ఉద్యోగం తాలూకు ఇన్సూరెన్స్ ఉంది. కాకపోతే పళ్ళ వైద్యానికి ముందుగా వాళ్ళ అనుమతి కావాలి. కూతురు దరఖాస్తు పెట్టింది. ఒక మధ్యాహ్నం ఆ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఇంట్లో అమ్మమ్మ ఒక్కతే ఉంది.

"అమ్మా, ఈ పళ్ళు దేనికి తీయించుకుంటున్నారో మీ మాటల్లో చెప్పండి" అందొక అమ్మాయి.

నిజం నాలిక చివరే ఉంది. కానీ పళ్ళు ఆగితే ఆపరేషన్ ఆగుతుంది, ఆపరేషన్ ఆగితే పిల్ల మీద కత్తి పడదు అని తట్టింది.

"దేనికేముందమ్మా, అందానికి. కొత్త పళ్ళు పెట్టుకుని ఒక ఫోటో దిగుదామని."

"అందానికేనాండీ?"

"ఏం, ముసలిదానికి ఆశ ఉండకూడదా?"

కొద్ది రోజులకే జవాబొచ్చింది. అందం కోసం చేసే పళ్ళ వైద్యానికి తమ ఇన్సూరెన్స్ వర్తించదని.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడక్కముందే "నాకే ఫోనూ రాలేదు" అంది అమ్మమ్మ. పైగా ఆ రోజు దారాన్ని కత్తెరతో కత్తిరించింది. మనవరాలు నోరు తెరిచింది.

"అమ్మమ్మా, ఒంట్లో బాగానే ఉందా? కత్తెర పట్టావేంటి?"

"నోర్మూసుకుని ఆ గుండీలు ఏరు."

సాయంత్రం కూతురు వ్యాను తాళాలు చేతిలోనే పట్టుకుని నేల మీద కూలబడింది. ఫోన్లో జవాబును వేలితో మాట మాటా తడుముతూ చదివింది.

"నేనే ఏదో తప్పు రాసుంటాను. నాలుగు ముక్కలు చదువుకుని ఉంటే సరిగ్గా రాసేదాన్ని కదా. నా తెలివితక్కువతనం నీ ప్రాణం మీదికి తెచ్చిందమ్మా."

ఎవరైనా చెంప మీద కొట్టినా అమ్మమ్మకు అంత నొప్పి పుట్టేది కాదు. మిషను చక్రం పట్టుకుని ఆపేసింది.

"నువ్వు రాసింది బానే ఉందే. చెడగొట్టింది నేను. అందానికని చెప్పాను."

"ఎందుకు?"

"నీ చదువు తీసుకున్నాను. ఇంకా ఎంత తీసుకోమంటావు?"

కూతురు ఏడుస్తుందనుకుంది మనవరాలు. ఏడవలేదు, మండిపడింది. "బడి మాన్పించినప్పుడు నన్ను అడిగావా? లేదు. ఇప్పుడు అడిగావా? లేదు. నా తరఫున అన్నీ నువ్వే తేల్చేస్తావు. అప్పుడంటే చిన్నపిల్లని. ఇప్పుడేమైంది నీకు?"

 మంచి చేస్తున్నాననుకుని అమ్మమ్మ మళ్ళీ ఆ పాత తప్పే చేసింది. రాత్రి అన్నం కెలికి వదిలేసింది.

పొద్దున కూతురు వ్యాను తీయబోతుంటే చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాకా వెళ్ళింది.

"ఇదిగో, ఆ అమ్మాయికి ఫోన్ చెయ్యనా?"

కూతురు ఇంజను ఆపి తల్లి మొహంలోకి చూసింది. తనను అమ్మమ్మ ఏదైనా అడగడం అదే మొదలు.

"చెయ్యి. నా ముందే చెయ్యి."

"మొన్న అబద్ధం చెప్పానమ్మాయ్" అంది అమ్మమ్మ ఫోన్లో.

"ఈ కాల్ రికార్డవుతోందండీ."

"అవనీ తల్లీ, ఈసారి నిజం. పళ్ళలో చీముంది. అది పోతేగానీ కిడ్నీ పెట్టరంట."

"మరి ఆవేళ అందానికన్నారు?"

"నువ్వు నా మొహం చూళ్ళేదు కాబట్టి నమ్మావు."

అవతల నవ్వాపుకోవడం వినిపించింది. డాక్టరు చేత మళ్ళీ రాయించి పంపమంది. పంపారు, ఎదురుచూశారు, ఇంకోసారి ఫోన్ చేశారు. చివరికి అనుమతి వచ్చింది. పాడైన పళ్ళన్నీ తీసేశారు. నోరు సగం బోసిపోయింది, కత్తెరకు ఉద్యోగం దొరికింది. చిగుళ్ళు మానాక ఆపరేషన్‌కు రోజు ఖాయం చేశారు. అమ్మమ్మ ఇప్పుడు గోడ వైపు తిరిగి పడుకోవడం లేదు. అలాగని కూతురి మొహంలోకి సూటిగా చూడనూ లేకపోతోంది.

మనవరాలు ఇదంతా రాసి, మిషను పక్కన నిలబడి గొంతెత్తి చదివి వినిపించింది. "ఎలా ఉందే అమ్మమ్మా? నీ పళ్ళకు చరిత్రలో చోటిచ్చాను!"

అమ్మమ్మ కత్తెర కింద పెట్టింది.

"మీ అమ్మ గురించి ఇంత రాశావే, తనని అడిగావా? ఆ రోగం నీకూ అంటించానా? పో, ముందు అడిగి రా!"