సన్నోడి తరఫున అత్తమ్మ

ఆ జపాన్ సీరియల్లో హీరో ఎనిమిదో ఎపిసోడ్ దాకా హీరోయిన్ చెయ్యి పట్టుకోడు. ఎనిమిదోదాంట్లో కూడా పట్టుకునేది చెయ్యి కాదు, ఆమె స్వెట్టర్ చేతి అంచు. అదీ రెండు వేళ్ళతో. అంతమాత్రానికే సూరత్ నవాగామ్‌లోని మా ఒంటిగదిలో నేనూ మా అత్తమ్మా కలిసి పెట్టిన కేకకు, కింద ఇంటి గుజరాతీ ఆంటీ "శూ థయూ?" అంటూ మెట్లెక్కి వచ్చేసింది. ఏమైందని చెప్పను? "కుఛ్ నహీ ఆంటీ, స్వెట్టర్ పకడా" అన్నాను. ఆవిడ మమ్మల్ని ఎగాదిగా చూసి దిగిపోయింది.

మాది చీరల పని. మార్కెట్ నుంచి మూటల్లో వచ్చే ఎంబ్రాయిడరీ చీరలకు వెనకవైపు వేలాడే దారాలు కత్తిరించాలి. ధాగా కటింగ్ అంటారు ఇక్కడ. చేతులు వాటంతటవే పోతుంటాయి. కళ్ళు మాత్రం పప్పు డబ్బాకు ఆనించిన ఫోన్ మీద ఉంటాయి. బొమ్మ కింద హిందీ అక్షరాలు వస్తాయి. అత్తమ్మకు చదువు రాదు. నేను సూరత్‌లోనే పుట్టి హిందీ బడిలో చదివినదాన్ని కాబట్టి, చదివి, అక్కడికక్కడే మన భాషలోకి దించేదాన్ని. టోక్యోలో టై కట్టుకున్న మేనేజరు నా నోట "ఏందయ్యా, రోజూ గిట్ల లేటొస్తే ఎట్ల?" అని అడుగుతుంటే నాకే నవ్వాగేది కాదు.

హీరోకు అత్తమ్మ పెట్టిన పేరు సన్నోడు. మొదటి ఎపిసోడ్లోనే "వీని తల్లి వీనికి ఏం పెడుతున్నదో ఏమో" అని జాలిపడింది. ఆ జాలితోనే అతనికి తల్లయి కూర్చుంది. ఇంకేముంది, ఆమె మగపెళ్ళివారైతే నేను ఆడపెళ్ళివారు కాక తప్పలేదు. మధ్యాహ్నం నీళ్ళు పట్టుకోవడం అయిపోగానే మా గదిలో సంబంధం మాటలు మొదలయ్యేవి.

"మీవోడు నోరు తెరిచి ఒక్క ముచ్చట చెప్పడేంది అత్తమ్మా?"

"మీ పిల్ల జర తలెత్తి జూస్తె గద, చెప్పేది!"

సన్నోడి జుట్టు కళ్ళ మీద పడితే అత్తమ్మ ప్రాణం కొట్టుకునేది. "జర పైకి దువ్వుకోరాదు బిడ్డా" అని ఫోన్‌కు చెప్పేది. కనబడ్డవాళ్ళందరికీ అతను వంగి దండాలు పెడుతుంటే "నడుం ఏం గావాలె వీనిది" అని తన నడుం పట్టుకునేది. అన్నం ముందు చేతులు జోడించి ఏదో అంటారే, అది మాత్రం ఆమెకు తెగ నచ్చింది. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పని చేసి అలసిపోయి వచ్చిన మా ఆయన కంచం ముందు కూర్చుంటే "దండం పెట్టి తిను" అంది. ఆయన నా వైపు అనుమానంగా చూశాడు. నేను చారు గిన్నెలోకి చూశాను.

ఒకసారి కక్కుర్తి పడి అదే నటుడి ఇంకో సీరియల్ పెట్టాను. అందులో అతను హంతకుడు. అత్తమ్మ ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. "మావోడు గట్ల చేసేటోడు కాదు. గా పోలీసులకే తెలివి లేదు" అంది. చివర్లో అతనే ఒప్పేసుకుంటే, కొట్టి ఒప్పించారంది. సాయంత్రం దాకా ముభావంగా ఉంది. మర్నాడు ఏదో ఇంటర్వ్యూలో అతను పడీ పడీ నవ్వుతున్న వీడియో వెతికి చూపిస్తే గానీ మనిషి కాలేదు.

స్వెట్టర్ పట్టుకున్న రోజున నా కత్తెర దారం వదిలి చీర కొంగులోకే దిగింది. బియ్యపుగింజంత చిరుగు. అత్తమ్మ గాభరా పడలేదు. దాని మీద చీరలకు అతికించే మెరుపురాళ్ళు నాలుగు పువ్వులాగా పెట్టి, "పిలగాడు పట్టుకున్న గుర్తు" అంది.

ఇంత కులాసాగా రోజులు నడుస్తుండగా, మూటలు పంపే యూనిట్ వాళ్ళు నన్ను చెకింగ్ సెక్షన్‌కు రమ్మన్నారు. హిందీ, గుజరాతీ చదవడం వచ్చిన మనిషి కావాలట. పొద్దున పోవాలి, సాయంత్రం రావాలి. కుర్చీ, బల్ల, మెడలో కార్డు! ఆ కార్డు వేసుకోవాలని నాకు ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. అద్దం ముందు చున్నీ అంచు మెడలో వేసి చూసుకున్నాను కూడా.

మా ఆయనకు చెబితే ఆయన మొహం మాడిపోయింది. ఇష్టం లేదని అనలేక, తల్లిని ముందుకు తోశాడు.

"నువ్వు పోతే అమ్మ ఒక్కతే అయితది. గా అక్షరాలు ఎవరు చదివి చెప్తరు? పొద్దంత గోడలు జూస్కుంట కూసుంటదా?"

నా బెంగ కూడా అదే మరి.

అత్తమ్మ కత్తెర కింద పెట్టింది. "నా పేరు చెప్పి పిల్లను ఆపకు. నాకు చదివేటోళ్ళు అక్కర్లే. మొఖం జూస్తే ఎర్కయితది."

"ఏమెర్కయితది, జపాన్ మాటలు?"

"పెట్టు మరి. కొత్తది పెట్టు. సన్నోడు ఏమంటున్నడో నేను చెప్త. నువ్వు అక్షరాలు జూడు. తప్పయితే పిల్ల ఇంట్లనే ఉంటది." నా వైపు తిరిగి, "నువ్వు నోరు తెరవకు" అంది.

నా ఉద్యోగాన్ని అలా పందెం కాసేసింది మహాతల్లి! వద్దనే లోపలే ఫోన్లో కొత్త ఎపిసోడ్ పెట్టించేసింది. హీరోయిన్ సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది ఆమెకు. ఈ సంగతి పోయిన ఎపిసోడ్లోనే మాకు తెలిసిపోయింది. ఇక తెర నిండా సన్నోడి మొహమే. ఆ మనిషి మాట్లాడడే! ఈలోపు చాయ్ కాచుకుని తాగేయొచ్చు. చివరికి పెదవులు కదిలాయి. ఒకటే వాక్యం.

అత్తమ్మ తడుముకోకుండా చెప్పింది. "'నువ్వు పో. ఇక్కడ నేను జూస్కుంట. ఏం రంది వెట్టుకోకు' అంటున్నడు."

కింద హిందీలో ఉన్నది వేరు. "వాన వచ్చేట్టుంది. గొడుగు తీసుకున్నావా?" అని ఉంది.

నా పని అయిపోయిందనుకున్నాను. మా ఆయన ముందుకు వంగి, దుకాణం బోర్డు చదివినట్టు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. గొడుగు దగ్గర ఆయన పెదవులు ఆగడం నేను చూశాను. ఆయన తల్లిని చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ ఫోన్ వైపు తిరిగి, ఇంకా గుమ్మం వైపే చూస్తున్న సన్నోడిని చాలాసేపు చూశాడు.

"ఏందిరా? తప్పు చెప్పిన్నా?" అంది అత్తమ్మ.

"లేదమ్మా. గదే అన్నడు" అన్నాడు మా ఆయన, ఆ మొహం మీంచి కళ్ళు తిప్పకుండా.