పొరపాటు నాదన్న లాయరు గారు

మా సీనియర్ లాయరు గారు ఇక లేరని పోయిన ఆదివారం పొద్దున్నే వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పారు. ముందురోజు సాయంత్రం దాకా దావా కాగితాలు తిరగేసి, "మూడో పేజీ మళ్లీ టైపు చేయించమ్మా" అన్న మనిషి.

వయసులో ఉండగా ఆయన నేవీ ఆఫీసరు. బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు ఓడ మీద ఉన్నారు. తర్వాత లా చదివి మా నూజివీడు కోర్టులో ప్రాక్టీసు పెట్టారు. బూట్లు తనే పాలిష్ చేసుకునేవారు. పెద్దవయసు క్లయింటు వస్తే లేచి నిలబడి, వాళ్లు కూర్చున్నాకే కూర్చునేవారు. వేసవిలో రైతులు తెచ్చే రసాల బుట్టలు కోర్టు అటెండర్ల ఇళ్లకు పంపేసి, ఒక్క పండు ఉంచుకుని, కోటు విప్పి మోచేతులదాకా కార్చుకుంటూ తినేవారు.

నేను ఆయన దగ్గర జూనియర్‌గా చేరిన రెండో ఏడు. చాట్రాయిలో భర్త పోయిన ఒకావిడ మామిడితోట తనదేనని మరిది దావా వేశాడు. ఆవిడ మా క్లయింటు. వాయిదా తేదీ నేను డైరీలో తప్పు రాసుకున్నాను. ఆ రోజు మా తరఫున ఎవరూ వెళ్లలేదు. తోట మరిదిదేనని తీర్పొచ్చేసింది.

ఏడుస్తూ చెప్పాను. ఆయన కోప్పడలేదు. "ముందు ఆవిడకి చెప్పాలి, పదమ్మా" అని కారు తీశారు. ఆవిడ ఇంటి వాకిట్లో నిలబడి ఆయనే చెప్పారు. ఆవిడ అరుగు మీద కూర్చుండిపోయింది. "ఇప్పుడేం చేద్దామండీ?" అంది.

కేసు మళ్లీ విచారించమని పిటిషన్ వేశాం. "ఆవిడకి జ్వరమొచ్చిందని రాసేద్దామండీ" అన్నాడు గుమాస్తా. ఆయన ఒప్పుకోలేదు. జడ్జి గారి ముందు, "ఆవిడ తప్పేం లేదండీ. పొరపాటు మా ఆఫీసుది. ఆఫీసు నాది కాబట్టి పొరపాటూ నాదే" అన్నారు. నా పేరు ఎత్తలేదు. జడ్జి గారు ఆయన్ని నాలుగు మాటలు అని, మళ్లీ విచారణకు ఒప్పుకున్నారు.

బయటికొచ్చాక టీ తాగుతూ చెప్పారు. "యుద్ధంలో కాపలా ఉన్న నావికుడు కునుకు తీశాడమ్మా. రెండ్రోజులుగా నిద్రలేదు వాడికి. కెప్టెన్ అడిగితే, డ్యూటీ ఆఫీసర్ని నేనే, నన్ను శిక్షించండి అన్నాను."

"శిక్షించారాండీ?"

"ఆఁ. ప్రమోషన్ ఆగిపోయింది. వాడు మాత్రం మళ్లీ కన్నార్పలేదు."

రెండేళ్లకు ఆ తోట ఆవిడకే దక్కింది. నేను ఇప్పటికీ ప్రతి వాయిదా తేదీ రెండుసార్లు సరిచూసుకుంటాను.

అంతిమయాత్రలో ఆవిడ నా చెయ్యి పట్టుకుని నడిచింది. మామిడి మార్కెట్ దగ్గర లారీలకు లోడెత్తుతున్న కూలీలు పళ్ల ట్రేలు కిందపెట్టి, తలగుడ్డలు తీసి, మేం మలుపు తిరిగేదాకా ఎండలో అలాగే నిలబడ్డారు.